అన్న కొలతకు ఒక సీటు

నేను డిగ్రీ పాసయ్యాను. ఈ మాట ఊరంతా చెప్పి ఏళ్లు గడిచాయి. అయినా ఇప్పుడు రాయడానికి కూర్చుంటే చెయ్యి ముందు అదే రాసేసింది. సరే, ఉండనిద్దాం.

సూర్యాపేట బస్టాండులో ఒక పెద్దమనిషి పేపరు విప్పుకొని చదువుతుంటే, ఆయన భుజం మీదుగా వంగి నా నంబరు వెతుక్కున్నాను.

"పడ్డదా?" అన్నాడాయన, వెనక్కి తిరగకుండానే.

"పడ్డది!"

"మంచిది. ఇగ నా మెడ మీద ఊపిరి ఇడుసుడు ఆపు." అంతలోనే పేపరు మొత్తం మడిచి నా చేతిలో పెట్టాడు. "తీస్కపో. ఇంట్ల సూపెట్టు."

ఇంట్లో అమ్మ ఉంది. అమ్మకు చదవడం రాదు. ఆమె వేలు పట్టుకొని నంబరు మీద పెట్టాను. "గింత చిన్నగ ఏసిన్రేందిరా?" అంది. అని, ఆ వేలు తీయకుండా చాలాసేపు అలాగే ఉంది. మా నాయన మిర్యాలగూడ రైసుమిల్లులో హమాలీగా బస్తాలు మోసి మోసి, మా చిన్నప్పుడే పోయాడు. అమ్మ నాట్లకు, కలుపులకు పోయేది. అన్న బడి మానేసి లారీ క్లీనరయ్యాడు, మీసాలు వచ్చాక డ్రైవరయ్యాడు. నేను నల్గొండలో చదువుకున్నాను. అరవై తొమ్మిది గొడవల్లో ఒక ఏడాది చదువు పోతే, "పోతే పోయింది, మళ్ల సదువు, నేను లేనా?" అన్నది అన్నే.

అందుకే ఈ సంగతి అన్నకు నా నోటితోనే చెప్పాలని పట్టుబట్టాను. అన్న అప్పుడు ఊళ్లో లేడు. బియ్యం లోడుతో విజయవాడ వైపు పోయాడు.

"అమ్మా, అన్నకు నేనే జెప్త. నువ్వు జెప్పొద్దు."

"నేనెందుకు జెప్తరా? నాకేం పని?" అంది అమ్మ. అప్పటికే సగం వాడకు చెప్పి వచ్చింది.

అన్న పోతూ పోతూ నాకొక పని అప్పజెప్పాడు. అది సీటు.

కోదాడ నుంచి కాలువ వైపు పోయే దారిలో అప్పట్లో ఒక పెద్ద చదునైన నేల ఉండేది. సాగరు ఎడమ కాలువ తవ్వేటప్పుడు మట్టి లారీలు ఆపుకోవడానికి చదును చేసిన జాగా. తవ్వకం అయిపోయాక అక్కడ ఎండాకాలంలో బండ్ల పందెం పెట్టేవారు. కంట్రాక్టర్ల కొడుకులు, మిల్లు షావుకార్ల కొడుకులు, జీపున్నవాళ్లు, నాలుగు చక్రాలూ తిరిగే పాత కారున్నవాళ్లు ఎవరైనా రావచ్చు. సున్నం పూసిన డ్రమ్ములు అక్కడక్కడా నిలబెట్టేవారు. ఒక్కొక్కరే వాటి చుట్టూ తిరిగి రావాలి. మద్రాసు వైపు అసలైన పోటీలు చూసొచ్చిన కాలువ ఇంజనీరు ఒకాయన గడియారం పట్టుకొని నిలబడేవాడు. బహుమతి ఒక ఇత్తడి చెంబు. దాని కోసం కాదు ఎవరూ వచ్చేది.

అన్న మిర్యాలగూడ షావుకారి లారీ నడిపేవాడు. ఆ షావుకారికి మిల్లు వెనక షెడ్డులో మూలపడ్డ పాత కారు ఒకటుంది. నిరుటి ఎండాకాలం అన్న బతిమాలి, దాన్ని బాగుచేసుకొని పందేనికి తీసుకుపోయాడు. ఆ కార్లో ముందు సీటు బెంచీలాగా ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే. పైన నున్నటి రెక్సిను. మూడో డ్రమ్ము దగ్గర కారు గిర్రున తిరిగింది, అన్న ఆ రెక్సిను మీద జారిపోయి అవతలి తలుపుకు అతుక్కున్నాడు. కారు డ్రమ్మును గుద్దింది. చూసేవాళ్లకు డ్రైవరు లేని కారు కనబడింది. ఎంత నవ్వారో! కోదాడ మిల్లు షావుకారి కొడుకైతే నేల మీద కూర్చొని నవ్వాడు. ఇంజనీరు మాత్రం నవ్వలేదు. "వచ్చే ఏడు ఇలాంటి సీటుతో వస్తే గీత దగ్గరికి కూడా రానివ్వను. ఒక్కడు పట్టే సీటు కావాలి, అది నేలకు బోల్టులతో బిగించి ఉండాలి, నడుముకు పట్టీ ఉండాలి" అన్నాడు.

ఆ వచ్చే ఏడే ఇది. దీని తర్వాత ఇంకో ఏడు లేదని అందరికీ తెలుసు. పిల్లకాలువలు ఆ నేల దాకా వచ్చేశాయి. వానలు పడితే అక్కడ నాట్లు పడతాయి. షావుకారు కారును పాత ఇనుముకు అమ్మేస్తానని చెప్పేశాడు. అన్నకు ఉన్నది ఆ ఒక్క పందెం.

"తమ్మీ, నేనొచ్చే వరకు సీటు తయారుండాలె. మద్రాసు నుంచి తెప్పిచ్చేటోళ్లు తెప్పిచ్చుకుంటరు. మనకు చౌకగ కావాలె, గట్టిగ కావాలె. నువ్వు సదువుకున్నోనివి, సూడు" అన్నాడు, నోట్లు కొన్ని నా జేబులో కుక్కి.

ముందు సూర్యాపేటలోనే పాత సామాన్ల దుకాణానికి పోయాను. హైదరాబాదు రోడ్డు మీద పడిపోయిన ప్రతి బండీ ముక్కలు ముక్కలుగా చివరికి ఆ దుకాణానికే చేరేది. యజమాని ఒక ముసలాయన, తలపాగా చుట్టుకొని టైర్ల మీద కూర్చున్నాడు.

"తాతా, నేను డిగ్రీ పాసైన!" అన్నాను.

"అయితే ఈడికెందుకొచ్చినవ్?"

"సీటు కావాలె. రేసుకు."

అరిగిన జీపు సీటు ఒకటి చూపించాడు. అంగుళం మందం కూడా లేదు, పక్కలకు ఏ ఆనింపూ లేదు. కూర్చొని ఒకవైపు ఒరిగితే అటే పడిపోయాను. బస్సు సీటు చూపించాడు, అది ఇద్దరిది. తర్వాత నన్ను లోపలికి తీసుకుపోయి, గొప్ప రహస్యం చూపిస్తున్నట్టు గోనెపట్టా తీశాడు. మంగలి షాపు కుర్చీ! రెండు వైపులా చేతులు, తల వెనక దిండు, కింద పాదాలకు ఇనుప మెట్టు.

"కూసో" అన్నాడు. కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ఒళ్లు హాయిగా పట్టేసింది. పక్కల నుంచి కదలనివ్వలేదు. ఇదే తీసుకుందామా అనుకుంటుండగా ఆయన వెనకాల ఏదో నొక్కాడు. నేను వెల్లకిలా పడ్డాను. ఆకాశం కనబడింది.

"మూల మలిగేటప్పుడు గిట్ల పండుకుంటే?" అన్నాను, పడుకునే.

"అప్పుడు గడ్డం గీపిచ్చుకో. పాసైన పిల్లగానివి, తక్కువకిస్త."

జీపు సీటు వీపు భాగం, దాని ఇనుప చట్రం మాత్రం కొన్నాను. పాసైనందుకు కొంచెం తగ్గించాడు. పాసయ్యానని ఆయనకు మూడుసార్లు చెప్పాను మరి.

కింద కూర్చోవడానికి ఏం పెట్టాలో మిర్యాలగూడలో తేలింది. షెడ్డులో కారు నేల కొలుచుకుందామని మిల్లుకు పోయాను. పక్కన నిడమనూరు రైతుది ఒక ట్రాక్టరు విప్పి పడేసి ఉంది. దాని సీటు ఇనుముది. పెద్ద చిప్పలాగా, మనిషి కూర్చున్న అచ్చు దిగినట్టు గుంట పడి ఉంటుంది చూడండి, అది. వాన నీళ్లు కారిపోవడానికి బెజ్జాలు. అందులో కూర్చొని అటూ ఇటూ ఊగాను. పిర్రలు కదలలేదు. కింద ఊగే ఇనుప పట్టీ తీసేసి నేరుగా నేలకు బిగిస్తే ఎగరదు కూడా.

గుమాస్తాతో లెక్క మాట్లాడుతున్న షావుకారు నన్ను చూసి లేచి వచ్చాడు. "ఏందిరా, ఇనుప పెంక మీద కూసున్నవ్?"

"షావుకారూ, నేను డిగ్రీ పాసైన. ఇది మా అన్నకు సీటు."

"మీ అన్నకు జెప్పినవా?"

"సీటు సంగతా?"

"పాసైన సంగతిరా!"

"ఇంకా లేదు. పందెం కాడ జెప్త."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "వానికి జెప్పకముందే మిర్యాలగూడకు జెప్తున్నవా? మంచిగున్నది. ట్రాక్టరాయనతోని నేను మాట్లాడ్త, చిప్ప తీస్కపో. కారు కోదాడకు నేను పంపిస్త. నిరుడు నా కారును జూసి నవ్విన్రు, మీ అన్నకు యాదుందో లేదో, నాకుంది."

చిప్పను నెత్తి మీద బోర్లించుకొని కోదాడ బస్సెక్కాను. కండక్టరు దానికి లగేజీ టికెట్టు కొట్టాలా వద్దా అని ఆలోచించి, చివరికి "టోపీకి టికెట్ లేదు" అని వదిలేశాడు.

కోదాడలో లారీ సీట్లు కుట్టే ఆయన ఒకడుండేవాడు. జగ్గయ్యపేట వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాడు. చిప్పనూ చట్రాన్నీ కలిపి పక్కనున్న వెల్డింగు షాపులో అతికించి, వీపుకూ నడుముకూ రెండు పక్కలా ఊకతో దిండ్లు కుట్టి, కట్టుకోవడానికి పట్టీ కూడా పెడతానన్నాడు. ఊక మిల్లు దగ్గర ఊరికే దొరుకుతుంది, గట్టిగా దట్టిస్తే స్పాంజికన్నా బాగా నిలుస్తుంది.

"కొలత ఎవరిదబ్బాయ్? మనిషి వొంటికి అతుక్కునేట్టు కుట్టాలి గదా."

"మా అన్నది. ఊళ్లె లేడు. నన్ను కొలువు బాబాయ్, మా ఇద్దరికీ ఒకటే కొలత."

ఇందులో అబద్ధమేమీ లేదు. అమ్మ పండక్కి ఒక్క తాను గుడ్డ తెచ్చేది. ఇద్దరిలో ఎవరు ఇంట్లో ఉంటే వాళ్లనే దర్జీ దగ్గరికి తీసుకుపోయి కొలిపించేది. రెండు అంగీలూ ఆ ఒక్క కొలతకే కుట్టించేది. నేను కాలేజీకి వేసుకుపోయింది అన్న అంగీలే, అన్న లారీ మీద వేసుకున్నది నావే. ఎవరిది ఏదో బొత్తాం రంగును బట్టి తప్ప తెలిసేది కాదు.

"అన్నదమ్ములంతేగా. కూర్చో, నిటారుగా కూర్చో" అన్నాడు బాబాయ్. కాలేజీ బెంచీ మీద కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నాను. ఆయన సుద్దతో గీతలు గీసి, ఊక దట్టించి, దబ్బనంతో కుట్టాడు. పని అయ్యాక మళ్లీ కూర్చుంటే, ఎవరో వెనక నుంచి రెండు చేతులతో పట్టుకున్నట్టే ఉంది. అంత మంచి సీటులో నేను మళ్లీ కూర్చోలేదు.

పందెం పొద్దున అమ్మనూ సద్దిమూటనూ తీసుకొని సూర్యాపేట నుంచి మొదటి బస్సుకే వచ్చాను. సీటు బిగించిన కారు, షావుకారు, సీటు కుట్టిన బాబాయ్, అందరూ అప్పటికే నేల మీద ఉన్నారు. ఇంజనీరు సీటును రెండు చేతులతో పట్టి ఊపాడు. కదల్లేదు. "బాగుంది" అన్నాడు. నేను ఉబ్బిపోయాను. అన్న ఇంకా రాలేదు. జీపులు తిరుగుతున్నాయి, దుమ్ము లేస్తోంది. కోదాడ షావుకారి కొడుకు మద్రాసు సీటులో దర్జాగా కూర్చొని తిరిగొచ్చాడు.

అప్పుడు వచ్చింది అన్న లారీ. నడిగూడెంలో వడ్లు ఎత్తుకొని, మిల్లుకు పోతూ దారిలో నేరుగా నేల మీదికే తెచ్చాడు. దిగి, నా వైపు కూడా చూడకుండా కారు తలుపు తీసి సీటును చూశాడు. చిప్పను తట్టాడు, దిండు నొక్కాడు.

"అబ్బ! పెండ్లికొడుకు పీట లెక్కుందిరా!"

గొంతు దాకా వచ్చిన మాటను చెబుదామని నోరు తెరిచాను. "అన్నా, ఒక మాట..."

"ఆగురా, ముందు కూసోనియ్యి."

కూర్చున్నాడు. కూర్చొని లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. ముఖం మారింది. కుడి భుజం దిండుకు తగిలి ముందుకు పొడుచుకొచ్చింది. స్టీరింగు సగం తిప్పేసరికి మోచెయ్యి ఆగిపోయింది.

అప్పుడు చూశాను నేను అన్నను. ఏళ్లకేళ్లు లారీలో కుడి మోచెయ్యి కిటికీ మీద వేసి, తల బయటికి పెట్టి, రోడ్డు అంచు చూసుకుంటూ బండి తోలిన మనిషి. నిటారుగా కూర్చుంటున్నానని అనుకుంటాడు గానీ ఒళ్లంతా కుడికి ఒరిగి ఉంటుంది. ఆ భుజం రెండోదానికన్నా కిందికి దిగిపోయింది. నడుము వెడల్పయింది. అంగీ వదులుగా ఉంటుంది కాబట్టి ఏ అంగీ నాకీ సంగతి చెప్పలేదు.

"ఎవరి కొలతరా ఇది?"

"నాదే. మనది ఒకటే గదా అన్నా..."

అన్న తిట్టలేదు. తిడితే బాగుండేది. సీటు అంచు మీద చెయ్యి వేసి, "మంచిగుంది తమ్మీ. నీకు మంచిగుంటది" అన్నాడు. అవతల ఇంజనీరు గడియారం చూసుకొని, "ఇంక మీ కారే మిగిలింది, వస్తున్నారా లేదా?" అని అరిచాడు.

అన్న లారీ వైపు చూశాడు. చూసి చూసి, "నాయన మిల్లుల మనల్ని దేంట్ల కూసోవెట్టేటోడురా?" అన్నాడు.

నాకు లీలగా గుర్తుంది, అన్నకు బాగా గుర్తుంది. నాయన బస్తాలు మోసేటప్పుడు మమ్మల్ని సగం నింపిన వడ్ల సంచిలో గుంట చేసి దించిపోయేవాడు. వడ్లు చుట్టూ సర్దుకొని ఎక్కడివాళ్లను అక్కడే పట్టుకునేవి. ఎంత గింజుకున్నా దొర్లిపోయేది లేదు.

అన్న లారీ ఎక్కి బస్తా ఒకటి విప్పి, సగం వడ్లు తీసేసి కిందికి దించాడు. బాబాయ్ దిండ్ల కుట్లన్నీ కోసి ఊకంతా నేల మీద పారబోశాడు. ఆ చోట వడ్ల సంచి పెట్టి, మూతి కుట్టి, చట్రానికి తాడుతో అల్లాడు. షావుకారు "వడ్లు సిందకుండ్రి" అని మాత్రం అన్నాడు. అన్న వెళ్లి అందులో ఒరిగాడు. తన అలవాటు ప్రకారమే, కుడికే ఒరిగాడు. వడ్లు గరగరమంటూ జరిగి, ఆ ఒరిగిన భుజం కిందికీ వెడల్పాటి నడుము పక్కకూ చేరాయి. స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పాడు. మోచెయ్యి ఎక్కడా ఆగలేదు. ఇంజనీరు వచ్చి సంచి గుంజి చూసి, పట్టీ గుంజి చూసి, తల ఊపాడు. నేను పట్టీని నడుముకు బిగించి కట్టాను. ఇప్పుడు చెప్పాలి, ఇదే సమయం అనుకున్నాను.

అప్పుడే అమ్మ సద్దిమూట పట్టుకొని గుంపును తోసుకుంటూ వచ్చింది. సంచి నుంచి రాలిన నాలుగు గింజలు చూసింది.

"ఒరేయ్, ఏం పనిరా ఇది? తినే వడ్ల మీద పిర్రలు వెట్టి కూసుంటరా? లచ్చిమి గాదురా? వాడంటే లారీ తోలేటోడు, వానికి తెల్వదు. నీకేమైందిరా? డిగ్రీ పాసైనోనివి, నువ్వు గూడ..."

అమ్మ నాలుక కరుచుకుంది. అప్పటికే మాట బయట పడింది.

"ఏందీ?" అన్నాడు అన్న. "పాసైనవా? ఎప్పుడు?"

"పేపర్ల పడ్డది అన్నా, నీకే ముందు జెప్దామని..."

అన్న లేవబోయాడు. లేవలేకపోయాడు. వడ్లు పట్టుకున్నాయి, చిప్ప పట్టుకుంది, నేను కట్టిన పట్టీ పట్టుకుంది. రెండుసార్లు గింజుకున్నాడు. "ఇప్పరా దీన్ని! థూ, ఏం సీటు కుట్టిన్రురా!" అంటూ కిటికీలోంచి చెయ్యి చాపి, నా అంగీ గల్ల పట్టి లోపలికి గుంజి, నా తలను తన గుండెకు అదుముకున్నాడు. వడ్ల వాసన, డీజిలు వాసన. నా చెవిలో ఏదో అన్నాడు. ఇంజిను చప్పుడులో అది నాకు వినబడలేదు. ఏమన్నావని తర్వాత ఎన్నిసార్లు అడిగినా, "ఏమంటనురా, జరుగుమన్న" అంటాడు.

"వస్తున్నారా లేదా?" అని ఇంజనీరు మళ్లీ అరిచాడు.

అన్న వడ్ల సంచిని తాకి, ఆ చెయ్యి కళ్లకద్దుకున్నాడు, అమ్మకు కనబడేట్టు. అమ్మ పక్కకు జరిగింది. కారు పోయింది.

మొదటి డ్రమ్ము తిరిగింది. రెండోది తిరిగింది. మూడో డ్రమ్ము దగ్గర జనమంతా లేచి నిలబడ్డారు. కారు ఒక పక్కకు ఒరిగింది, దుమ్ము కమ్మేసింది. దుమ్ములోంచి మొదట కనబడింది అన్న తల. ఎక్కడుండాలో అక్కడే ఉంది. కిటికీలో కుడికి ఒరిగి, పళ్లు బయట పెట్టి నవ్వుతోంది. షావుకారు తలపాగా తీసి గాలిలోకి విసిరాడు. ఆ పాత ఇంజిను చివరి తిరుగుడులో దగ్గడం మొదలుపెట్టింది, గడియారం లెక్కలో మద్రాసు సీటు వాడే ముందున్నాడు, ఇత్తడి చెంబు అతనికే పోయింది. అన్నకు ఆ సంగతి చెప్పాల్సి వచ్చింది. అతను అడగలేదు.

పట్టీ విప్పాక కూడా అన్న కాసేపు దిగలేదు. స్టీరింగు మీద చేతులు అలాగే పెట్టి, "ఇంకొక్కపారి తిరిగొస్త" అన్నాడు ఇంజనీరుతో, చిన్నపిల్లాడిలాగా. అప్పటికే డ్రమ్ములు ఎత్తేస్తున్నారు.

ఆ సంచి వడ్లను షావుకారు తిరిగి తీసుకోలేదు. "పాసైన పిల్లగానికి బువ్వ వండు" అని అమ్మకే ఇచ్చాడు. అమ్మ వాటిని కళ్లకద్దుకొని, దంచి, చెరిగి, వండింది. అన్న రెండుసార్లు పెట్టించుకొని తిన్నాడు.

కారు ఇనుముకు పోయింది. చిప్ప మనదే కదా అని ఇంటికి తెచ్చుకున్నాం. నాకు ఆఫీసులో ఉద్యోగం వచ్చింది, చేతుల కుర్చీ ఒకటి ఇచ్చారు. అన్న ఇప్పటికీ లారీయే తోలుతాడు. లోడు లేని రోజు వాకిట్లో ఆ ఇనుప చిప్పలో కూర్చొని చాయి తాగుతాడు. గ్లాసు ఎడమ చేతిలో ఉంటుంది. కుడి మోచెయ్యి, లేని కిటికీ మీద ఉంటుంది.

సెలవు దొరికితే నేను అప్పుడప్పుడు అతని పక్కన లారీ ఎక్కుతాను. కోదాడ దాటి కాలువ దారిలోకి రాగానే అన్న మాట ఆపేస్తాడు, బండి నెమ్మదిస్తుంది. రెండు పక్కలా వరి. గాలికి ఒక వైపుకు ఒరిగి మళ్లీ లేస్తుంటుంది. మూడో డ్రమ్ము ఉన్న చోట ఇప్పుడొక గట్టుంది, దాని మీద ఎవరిదో పార గుచ్చి ఉంటుంది.

"మంచిగ ఎదిగింది తమ్మీ" అంటాడు అన్న.

"అవునన్నా" అంటాను. వెనక ఎవరో హారను కొడతారు. అన్న తల బయటికి పెట్టి చూసి, గేరు మారుస్తాడు.